పడింది

ఇరవై రెండో అంతస్తులో నా కుర్చీకి ఒక నెంబరుంది.
కుర్చీ మారితే నెంబరు నాతో రాదు,
నేనే కొత్త నెంబరు దగ్గరికెళ్లి కూర్చుంటాను.
కింద షర్క్ రోడ్డు, దాని పక్కన సముద్రం.
తూజు లేచిన రోజు రెండూ ఉండవు,
అద్దం నిండా పాత గోనెసంచి రంగు.

కర్నూల్లో నా మొదటి ఉద్యోగం మేడమీద రెండు గదులు.
తొమ్మిది మందిమి, ఒక రౌటరు.
కరెంటు పోతే బాసే కిందికి దిగి
జనరేటర్ తాడు లాగేవాడు.
పొద్దున దొరికిన తప్పు
మధ్యాహ్నం క్యారియర్లు విప్పేలోపు సర్దేసేవాళ్లం.
జీతం మాత్రం
వచ్చినప్పుడు వచ్చేది.

ఇక్కడ ఇరవై ఐదో తారీఖు తప్పదు.
పిల్లాడి చెవి ఆపరేషన్‌కి
కౌంటర్ దగ్గర కార్డు చూపించాను, పర్సు తియ్యలేదు.
ఇకామా గడువు నాకు గుర్తుండక్కర్లేదు,
మందూబ్ అబూ నాసర్ గుర్తుపెట్టుకుంటాడు.
ఇవేవీ చెప్పకుండా కంపెనీని తిట్టడం
అన్నం తిని కంచాన్ని తన్నడమే.

అయినా తిడతాను.

టీ ఇచ్చే ఖాజాపీర్‌ది చిన్నమండెం.
నా మెడలో నీలం తాడు, అతని మెడలో బూడిద రంగుది.
దాంతో సరుకుల లిఫ్టొక్కటే తెరుచుకుంటుంది.
ఒకరోజు అల్లం టీ పెట్టి
కప్పు పక్కనే తన ఫోనూ పెట్టాడు.
"మ్మా, ఇదేమంటాందో చూడు.
జీతం వచ్చినట్టా, పట్టుకున్నట్టా?"

"మీ వేతనము నిక్షిప్తము గావింపబడినది."

మా కంపెనీ యాపే.
నేను పరీక్షించిన తెరే.
తెలుగు అక్షరాలు డబ్బాలో పట్టాయా లేదా అని చూసి
టిక్కు పెట్టింది నేనే.
చదవలేదు.

ఆ సాయంత్రమే టికెట్ రాశాను.
అది తీసేసి, "మీ జీతం పడింది" అని పెట్టండి.

టికెట్ డబ్లిన్ వెళ్లింది.
డబ్లిన్ నిద్రలేచి పూణేకి పంపింది.
పూణే, ఇది భాషల విభాగం పని అంది.
భాషల విభాగం సింగపూర్లో ఉంది,
సింగపూర్‌కి తెలుగు రాదు.
ఎవరో నిఘంటువు తిరగేసి అడిగారు:
"పడటం అంటే కింద పడటం కదా?
జీతం తగ్గిందని వాడేవాళ్లు భయపడొచ్చు.
దయచేసి సమర్థించండి."

సమర్థించాను.
వాన పడుతుంది, సంతకం పడుతుంది,
కడుపులో నాలుగు మెతుకులు పడతాయి,
మనసు కుదుటపడుతుంది.
మా భాషలో పడటమంటే
ప్రతిసారీ దెబ్బ తగలడం కాదు.
రెండు పేజీలు రాశాను.
ప్రాధాన్యం "తక్కువ" అని మార్చి తిప్పి పంపారు.

ఏడు నెలలు.
మేనేజర్ మారింది, ఆమె మేనేజర్ మారాడు.
రంజాన్ వచ్చి వెళ్లింది.
టీ కాంట్రాక్టు ఇంకెవరికో పోయింది,
ఒక ఆదివారం ఎవరో కుర్రాడు
వేడినీళ్లలో టీబ్యాగు ముంచి ఇచ్చాడు.
మూడేళ్లు అతని చేతి టీ తాగాను.
ఖాజాపీర్ ఫోన్ నెంబరు నా దగ్గర లేదు.

ఏడాది చివర అప్రైజల్లో
"ఒక వాక్యం మార్పు, ప్రభావం స్వల్పం"
అని పడింది.

కర్నూల్లో అయితే ఐదు నిమిషాల పని.
నిజమే.
అక్కడ దాన్ని చదివేందుకు నలభై మంది ఉండేవాళ్లు.

ఇవాళ ఇరవై ఐదు.
కారు సర్వీసులో ఉంది, మహబూలా బస్సెక్కి నిలబడ్డాను.
ముందు సీట్లో ఒక ఫోను కిర్రుమంది.
వెనక రెండు.
ఆ తర్వాత లెక్క తప్పింది.
హెల్మెట్ ఒళ్లో పెట్టుకున్న ఒకతను
తెర చూశాడు,
పక్కవాణ్ని ఏమీ అడగలేదు.
ఇంటికి కలిపాడు.
"ఆ...
పడింది," అన్నాడు.
"సరే, పెట్టేస్తాండా. బస్సులో ఉండా."